గేటు దగ్గర ఆగిపోయిన పెన్ డ్రైవ్

(చిక్కడపల్లిలో ఒక ఆదివారం పొద్దున, జెరాక్స్, డీటీపీ షాపుల వాళ్లకి, పోటీ పరీక్షలకి చదువుకునే పిల్లలకి చెప్పిన ముచ్చట. రికార్డింగ్ విని టైప్ చేసింది.)

అందరికీ నమస్తే. వెనకాల వినపడుతుందా? ఆ ఫ్యాన్ కింద కూర్చున్నోళ్లకి? వినపడకపోతే చెయ్యెత్తండి, సిగ్గుపడొద్దు. చెయ్యెత్తుడు గురించి మళ్లీ చెప్పుకుంటం, ఇయ్యాల్టి ముచ్చట సగం దాని చుట్టే తిరుగుతది.

నేను ఇరవై ఏళ్లకి పైన ఈ కంప్యూటర్ రిపేరు పనిలనే ఉన్న, మొదట్ల సికింద్రాబాద్ పార్క్‌లేన్‌ల సీటీసీ అనే కంప్యూటర్ సామాన్ల మార్కెట్‌ల ఒక షాపుల స్క్రూడ్రైవర్ అందించే పిల్లగాడిగ చేరిన, ఇప్పుడు ఇక్కడే రెండు గల్లీల అవతల కూర్చుంట. ఈ ఇరవై ఏళ్లల్ల రోజూ వినే మాట ఒకటుంది, "అన్నా, కంప్యూటర్ నా పెన్ డ్రైవ్‌ని గుర్తుపడ్తలేదు". గుర్తుపడ్తలేదంటే ఏందమ్మా అని అడిగితే ఒక్కొక్కరిది ఒక్కో కథ. ఒకాయనది లైటే వెలగదు. ఒకామెది లైటు వెలుగుతది, సౌండ్ కూడా వస్తది, మై కంప్యూటర్ (కొత్త విండోస్‌ల దిస్ పీసీ అంటరు) తెరిస్తే అండ్ల కనపడదు. ఇంకొకాయనది కనపడతది కానీ మీద నొక్కంగనే ఫార్మాట్ చేయాల్నా అని అడుగుతది. కాలేజీ పిల్లలదైతే తెరుచుకుంటది, లోపల చూస్తే అన్నీ షార్ట్‌కట్‌లే. ఈ నాలుగూ నాలుగు రోగాలు, అందరూ చెప్పే పేరు మాత్రం ఒక్కటే.

ఫోన్ల అయితే ఇంకా మజా. ఒక సారు ఫోన్ చేసి "ఈ డ్రైవ్ వస్తలేదు" అంటడు, నేను "ఏ డ్రైవ్ సార్?" అంట, ఆయన "ఏ డ్రైవ్ కాదయ్యా, అది ఫ్లాపీది, ఈ డ్రైవ్" అంటడు. (నవ్వులు) ఐదు నిమిషాలు అట్లనే నడిచింది. ఆఖరికి అర్థమయిందేందంటే ఆయన చెప్పేది ఇంగ్లీషు అక్షరం ఈ, నేననుకున్నది చేతిల ఉన్న ఈ పెన్ డ్రైవ్.

అసలు గుర్తుపట్టుడు అంటే ఏందో ముందు చూద్దాం, అది తెలిస్తే సగం పని అయిపోయినట్టే. మీ అపార్ట్‌మెంట్ గేటు అనుకోండి. ఎవరన్నా వస్తే వాచ్‌మన్ లేవాలంటే ముందు వచ్చినోడు కనపడాలె. తర్వాత నువ్వెవరు, ఎక్కడికెళ్లి వచ్చినవ్ అని అడుగుతడు, రిజిస్టర్‌ల రాస్కుంటడు. తర్వాత ఏ ఫ్లాట్ అంటడు. ఫ్లాట్‌కి పోయి తలుపు తీస్తే అప్పుడు లోపల సామాను కనపడతది. పెన్ డ్రైవ్ కూడా సరిగ్గ ఇట్లనే పోతది, ఎక్కడ ఆగిందో చూస్కోవాలె, గేటు కాడ ఆగిన మనిషి కోసం ఫ్లాట్ తాళం పగలగొడితే ఏం లాభం?

దీన్ని దగ్గరగ చూపిస్త, ముందు వరసల వాళ్లు లేచి రండి. ఇది పాత 4 జీబీది, మూత తీసేసిన. ముందల ఈ బంగారు రంగు పట్టీలు నాలుగున్నయి చూడండి. చివర్లవి రెండూ కరెంటుకి, ఒకటి 5 వోల్టులు, ఇంకోటి గ్రౌండ్. నడిమిట్ల రెండూ మాటలకి, డేటా అన్నట్టు. ఇప్పుడు జాగ్రత్తగ చూడండి, చివరివి కొంచెం పొడుగ్గ ముందుకొచ్చినయి, నడిమివి కొంచెం పొట్టిగ ఉన్నయి, కనపడ్డదా? కావాలనే అట్ల చేసిన్రు, ముందు కరెంటు అందాలె, తర్వాతనే మాట మొదలుగావాలె అని. అందుకే సగం దూరిన పెన్ డ్రైవ్‌కి లైటు వెలుగుతది గానీ మాట రాదు. లైటు వెలుగుతుందిగదా, మంచిగనే ఉంది, కంప్యూటరే ఖరాబైంది అంటరు మనోళ్లు. లైటు చెప్పేది ఒకటే ముక్క, కరెంటు వచ్చిందని.

కరెంటు అందినంక పెన్ డ్రైవ్ చెయ్యెత్తుతది. నిజంగనే, డేటా తీగలల్ల ఒకదాన్ని ఒక ఒకటిన్నర కిలో ఓమ్ రెసిస్టర్ మీదుగ 3.3 వోల్టులకి లేపుతది. కంప్యూటర్ దాన్ని చూసి ఎవరో వచ్చిన్రని లేస్తది, నువ్వెవరు అని అడుగుతది. దానికి జవాబు 18 బైట్లు, అంతే, ఏ కంపెనీ, ఏ మోడల్, యూఎస్‌బీ ఏ వెర్షన్, ఇట్లాంటివి. దాన్నే డివైస్ డిస్క్రిప్టర్ అంటరు. ఈ 18 బైట్లు సరిగ్గ రాకపోతేనే కింద మూలకి ఆ పసుపు మెసేజ్ వస్తది, యూఎస్‌బీ డివైస్ నాట్ రికగ్నైజ్డ్ అని. డివైస్ మేనేజర్, అంటే కంప్యూటర్‌కి తగిలించినవన్నీ చూపెట్టే విండోస్ లిస్టు, అది తెరిస్తే డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్, కోడ్ 43. ప్రాపర్టీస్‌ల హార్డ్‌వేర్ ఐడీ చూస్తే కంపెనీ నంబర్ కాడ నాలుగు సున్నాలుంటయి. అంటే వాచ్‌మన్ అడిగిండు, వచ్చినోడు నోరు తెరవలే, రిజిస్టర్‌ల సున్నాలు రాసి పెట్టిండు.

ఇంక రోగానికి ఒకటి చూద్దాం. సౌండూ లేదు, లైటూ లేదు అంటే పోర్టు మార్చండి, అన్నిటికంటె ముందు. క్యాబినెట్ ముందల ఉండే పోర్టులు ఒక సన్నటి కేబుల్‌తోని మదర్‌బోర్డుకి పోతయి, ఆ కేబుల్ లూజైనా, తుప్పు పట్టినా అంతే సంగతి, వెనకాల పోర్టులు నేరుగ బోర్డు మీదనే ఉంటయి, అండ్ల పెట్టి చూడండి. మన దగ్గర దుమ్ముకి తక్కువ లేదు, మెట్రో పనులప్పుడు మా షాపుల కీబోర్డులు నెలకోసారి ఊదేది. జెరాక్స్ షాపులోళ్లకి ఒక మాట, రోజంతా పెట్టి తీసి పెట్టి తీసి మీ పోర్టుల లోపలి తెల్ల నాలుక వదులైపోతది, కస్టమర్ పెన్ డ్రైవ్‌ది తప్పనుకుంటరు మీరు. ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్ పెట్టుకోండి, అరిగితే కేబులే అరుగుతది, దాన్ని మార్చేస్తే అయిపాయె.

ఒక పోర్టుల పెన్ డ్రైవ్ పోయిందంటే, అంటే వేడెక్కి చచ్చిపోయిందంటే, ఇంకో మంచి పెన్ డ్రైవ్ తెచ్చి అదే పోర్టుల పెట్టి చూడొద్దు. ఇది నా సొంత ఏడుపు. కొత్తల ఒక అసెంబుల్డ్ క్యాబినెట్ బిగిస్తుంటే ముందు పోర్టుల కేబుల్ బోర్డు మీద ఒక పిన్ను పక్కకి జరిపి పెట్టిన, కరెంటు పోవాల్సిన తీగల గ్రౌండ్ పోయింది. కస్టమర్ పెన్ డ్రైవ్ పెట్టిండు, పోయింది. పెన్ డ్రైవ్ ఖరాబుంది సార్ అని నాది పెట్టి చూపెట్టిన, నాదీ పోయింది. మా సేట్ అండ్ల ఉన్న ఫోటోల గురించి ఏమీ అనలే గానీ రెండిటి పైసలు జీతంల కోసిండు. అప్పటికెళ్లి అనుమానం ఉన్న పోర్టుల ముందు ఒక పాత మౌసు పెట్టి చూస్త. పాత మౌసు పోతే ఏడ్చెటోడు ఎవడూ లేడు.

సౌండ్ వచ్చి, గుర్తుపట్టలే అన్న మెసేజ్ వస్తే ఒక్కటే ప్రశ్న, ఇంకో కంప్యూటర్‌ల పెడితే ఏమంటది? అక్కడ మంచిగ వస్తే రోగం మీ కంప్యూటర్‌ది. డివైస్ మేనేజర్‌కి పోయి ఆ పసుపు గుర్తున్న దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి, పెన్ డ్రైవ్ తీసి, రీస్టార్ట్ కొట్టండి. షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్. ఎందుకంటే విండోస్ 8 కాన్నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి పెట్టిన్రు, అది ఆన్‌ల ఉంటే మీరు షట్‌డౌన్ చేసినా విండోస్ లోపలి భాగం పూర్తిగ ఆగదు, డ్రైవర్లతో (పరికరాలని నడిపే ప్రోగ్రాములు) సహా ఉన్నది ఉన్నట్టు డిస్క్ మీద దాచుకుని పొద్దున మళ్లీ అదే తీస్తది, నిన్నటి తలనొప్పితోనే లేస్తది. రీస్టార్ట్ అంటే కొత్తగ లేసుడు. దీంతోని కాకపోతే పూర్తిగ ఆపి, వైర్ గోడకెళ్లి పీకి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకోండి, ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ తీసి, బ్యాటరీ ఊడొచ్చేదైతే అది కూడా తీసి. మంత్రం లెక్క అనిపిస్తది గానీ బోర్డు మీద మిగిలిన కరెంటు దిగిపోయి పోర్టు కంట్రోలర్ మళ్లీ మొదటికెళ్లి మొదలుపెడతది.

మూడు కంప్యూటర్లల్ల అదే మాట వస్తే ఇంక డ్రైవర్ అప్‌డేట్ సాఫ్ట్‌వేర్‌లు డౌన్‌లోడ్ చేస్కుంట కూర్చోకండి, పెన్ డ్రైవే పోయింది, లోపల ఏదో విరిగింది. ఇగో చూడండి, ఈ వెండి రంగు చిన్న డబ్బా, క్రిస్టల్ ఇది, దీని మీద 12.000 అని రాసుంది, 12 మెగాహెర్ట్జ్. పాత వాటికి టైము కొట్టే గడియారం ఇదే. ఇది కింద పడితే లోపల పలక పగులుతది, గడియారం ఆగితే మాట తప్పిపోతది, కరెంటు ఉంటది, లైటు కూడా ఉండొచ్చు. కొత్త వాటిల్ల ఇది వేరేగ ఉండదు, చిప్పులనే కలిపేస్తున్నరు.

ఒక ముచ్చట చెప్త. ఉస్మానియాల పీహెచ్‌డీ చేసే ఒకామె, తార్నాక కెళ్లి ఆటోల వచ్చింది, ల్యాప్‌టాప్‌కి పెన్ డ్రైవ్ పెట్టి ఉండంగనే కుర్చీ జరిపిందట, చెయ్యి తగిలి ఇట్ల అడ్డంగ వంగిపోయింది. థీసిస్ అంతా అండ్లనే ఉంది, ఐదు చాప్టర్లు, ఇంకెక్కడా కాపీ లేదు. కర్చీఫ్‌ల చుట్టుకుని తెచ్చింది, చిన్న పిట్టని తెచ్చినట్టు. దారిల ఇంకో షాపుల దాన్ని నొక్కి పట్టి మూడు నాలుగు సార్లు పెట్టి చూసిన్రంట, అది చెయ్యకపోతే బాగుండె. తెరిచి లెన్స్ పెట్టి చూస్తే ముందలి మెటల్ భాగం ఊడి, దాని నాలుగు కాళ్లల్ల రెండు కాళ్లు బోర్డు మీది రాగి పట్టీని కూడా లేపుకుని వచ్చినయి. ఒక పాత యూఎస్‌బీ కేబుల్ కోసిన, లోపల నాలుగు తీగలు ఉంటయి, ఎరుపు 5 వోల్టులు, నలుపు గ్రౌండ్, తెలుపు డేటా మైనస్, ఆకుపచ్చ డేటా ప్లస్. కేబుల్ చవకది అయితే ఈ రంగుల్ని నమ్మొద్దు, మీటర్ పెట్టి చూస్కోవాలె, ఎరుపు, నలుపు ఉల్టా అయితే ఇంక థీసిస్‌కి దండం. రాగి ఊడిపోయిన రెండు చోట్ల పట్టీ ఎటు పోతుందో వెతికి, దాని మీది పచ్చటి పూతని బ్లేడు మొనతోని గీకి, వెంట్రుకంత తీగతోని అక్కడికే టంకం పెట్టిన. గంట పట్టింది. ఆమె స్టూలు మీద కూర్చుని ఛాయ్ చల్లారబెట్టుకుంది, తాగలే. కంప్యూటర్‌కి పెట్టంగనే ఆ డుడుంగ్ సౌండ్ వచ్చింది, ఆమె ఏడ్చింది, నేను మాట్లాడొద్దు, టేబుల్‌ని తాకొద్దు అన్న, కాపీ అయ్యేదాక ఊపిరి కూడ మెల్లగ పీల్చుకున్నం. ఆ పెన్ డ్రైవ్ మళ్లీ వాడొచ్చా అని ఆమె అడిగితే లేదమ్మా, పడెయ్ అన్న.

ఇట్ల తీగలు పెట్టుడు బోర్డు మీద విడివిడిగ చిప్పులున్న వాటికే కుదురుతది. ఇప్పుడొచ్చే గోరంత వాటిల్ల అంతా ఒకే నల్ల పలకల పోత పోసి ఉంటది, అవి పెద్ద ల్యాబుల పని, ఖర్చూ ఎక్కువే.

తర్వాతది. డివైస్ మేనేజర్‌ల పేరుతో సహా ఉంది, మై కంప్యూటర్‌ల లేదు. అంటే గేటు దాటింది, రిజిస్టర్‌ల పేరు పడ్డది, ఫ్లాట్ నంబర్ దొరకలే. స్టార్ట్ మీద రైట్ క్లిక్ కొట్టి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. అక్కడ కింద వరసల డిస్క్ 1 అని కనపడి, అక్షరం లేకపోతే రైట్ క్లిక్ చేసి చేంజ్ డ్రైవ్ లెటర్, ఒక అక్షరం ఇయ్యండి, అయిపాయె. ఆఫీసులల్ల నెట్‌వర్క్ డ్రైవ్‌లకి అక్షరాలు ముందే ఇచ్చి ఉంటరు, పెన్ డ్రైవ్ వచ్చి అదే అక్షరం తీస్కుంటే దాక్కుంటది, దానికి కూడ మందు ఇదే. ఇంక హైటెక్ సిటీ వైపు కంపెనీలల్ల పనిచేసెటోళ్లు, మీ ఆఫీస్ ల్యాప్‌టాప్‌ల పెన్ డ్రైవ్ రాకపోతే నా దగ్గరికి రాకండి, వాళ్లే పాలసీ పెట్టి మూసిన్రు, నేను తెరిస్తే మీ ఉద్యోగం పోతది.

ఇప్పుడు అసలుది, "ఫార్మాట్ చేస్తేనే వాడగలవు, చెయ్యాల్నా" అన్న డబ్బా. దీని మీద కొంచెం ఎక్కువ సేపు కూర్చుంట, ఎందుకంటే మంచిగ ఉన్న డేటా మనుషుల చేతులతోని పోయేది ఇక్కడనే. ప్రాపర్టీస్ చూస్తే ఫైల్ సిస్టమ్ కాడ ఇంగ్లీషుల రా (RAW) అని ఉంటది. అంటే సామాను లోపల ఉండొచ్చు, ఏ సామాను ఏ గదిల ఉందో రాసిన చిట్టీ చిరిగింది. కాపీ అవుతుండంగ పీకుడు, కరెంటు పోవుడు, టీవీల పెట్టి అట్లనే గుంజుడు, ఇవే కారణాలు ఎక్కువ. విండోస్ 10ల 2018 చివర్ల వచ్చిన 1809 వెర్షన్ కాన్నుంచి క్విక్ రిమూవల్, అంటే సేఫ్లీ రిమూవ్ కొట్టకుండనే తీసే పద్ధతి, డీఫాల్ట్ అయింది, దాంతోని కొంత నయం, కానీ లైటు మినుకుమినుకుమంటుంటే పీకమని దాని అర్థం కాదు.

ఆ డబ్బాల క్యాన్సిల్ కొట్టండి. తెలియక ఫార్మాట్ కొట్టినా క్విక్ ఫార్మాట్ అయితే చిట్టీ మాత్రమే కొత్తది రాస్తది, సామాను సగం దొరకొచ్చు. క్విక్ దగ్గర టిక్ తీసి కొట్టిన్రనుకో, విండోస్ విస్టా కాన్నుంచి అది ప్రతి గదిల సున్నాలు రాసుకుంట పోతది, ఇంక ఎవరి తరం కాదు. చెక్‌డిస్క్, అంటే డిస్క్ తప్పులు సర్దే విండోస్ టూల్, దాని మాటకొస్తే, రా అని ఉన్నదాని మీద అది పనే చెయ్యదు, కొంచెం ప్రాణం ఉన్నదాని మీదనే నడుస్తది, అదే ప్రమాదం. ఒక పెళ్లి ఫోటోగ్రాఫర్ అన్న యూట్యూబ్‌ల చూసి సొంతంగ నడిపిండు, అది దానికి తోచినట్టు సర్ది ఫౌండ్ అని ఒక ఫోల్డర్ చేసి, అండ్ల ఫైల్ సున్నా సున్నా సున్నా సున్నా డాట్ సీహెచ్‌కే, ఇట్ల వందల ముక్కలు పెట్టింది. పెళ్లికూతురు తల ఒక ముక్కల, దండ ఇంకో ముక్కల. చెక్‌డిస్క్ చూసేది ఫైల్ సిస్టమ్ సరిపోయిందా అని, మీ ఫోటోలు మిగిలినయా అని కాదు.

చెయ్యాల్సింది ఏందంటే, ముందు ఉన్నది ఉన్నట్టు మొత్తం పెన్ డ్రైవ్‌ని ఒక ఇమేజ్ ఫైల్‌గ (ఫోటో కాదు, మొత్తానికి నకలు) హార్డ్‌డిస్క్ మీదికి దించుకోండి, లైనక్స్‌ల డీడీరెస్క్యూ అని ఉంది, ఫ్రీ. అది ముందు తేలిగ్గ వచ్చేవన్నీ తీస్కుని, మొండికేసిన చోట్లకి తర్వాత వస్తది. దించుకున్నంక అసలుదాన్ని పక్కన పెట్టి, ఇమేజ్ మీద టెస్ట్‌డిస్క్ నడపండి, చిట్టీ మళ్లీ కట్టగలిగితే పేర్లతో సహా అన్నీ వస్తయి. కాకపోతే ఫోటోరెక్, అది పేర్లు పట్టించుకోదు, జేపీఈజీ ఎట్ల మొదలైతదో దానికి తెల్సు, ఆ ఆనవాళ్లు పట్టుకుని తవ్వుతది, ఫోటోలు వస్తయి, పేర్లు రావు. దొరికినవి మళ్లీ అదే పెన్ డ్రైవ్‌ల సేవ్ చెయ్యొద్దు. చెప్పాల్సిన పని లేదనుకుంటరు గానీ చేసెటోళ్లున్నరు.

ఇంకోటి, మై కంప్యూటర్‌ల కనపడి, నొక్కితే డిస్క్ పెట్టు అంటది, డిస్క్ మేనేజ్‌మెంట్‌ల నో మీడియా అని ఉంటది, సైజు సున్నా. వచ్చినోడు పేరు చెప్పిండు, ఫ్లాట్ కాడికి పోయిండు, లోపలికెళ్లి తలుపు తీసెటోళ్లు లేరు. కంప్యూటర్‌తోని మాట్లాడే కంట్రోలర్ చిప్పు బతికుంది, పక్కన మెమరీ చిప్పు పలుకుతలేదు. ఒక్కోసారి బ్రాండ్ పేరు పోయి కంట్రోలర్ సొంత పేరు బయటపడ్తది. దీనికి ఫ్యాక్టరీ టూల్స్ అని నెట్‌ల దొరుకుతయి, మాస్ ప్రొడక్షన్ టూల్ అంటరు, అవి పెన్ డ్రైవ్‌ని మళ్లీ పుట్టిస్తయి, డేటా మొత్తం తుడిచి. డేటా అక్కరలేదంటేనే వాటి జోలికి పోండి.

షార్ట్‌కట్ వైరస్ తొందరగ చెప్పేస్త, టైము అవుతుంది. ఫైళ్లు పోలే, దాచిపెట్టింది అంతే. షార్ట్‌కట్ మీద నొక్కకండి, నొక్కితే మీ కంప్యూటర్‌కి కూడ పాకుతది. ముందు యాంటీవైరస్‌తోని స్కాన్ చేసి, కమాండ్ ప్రాంప్ట్‌ల ఆట్రిబ్ అని కొట్టి, స్పేస్, మైనస్ హెచ్, స్పేస్, మైనస్ ఆర్, స్పేస్, మైనస్ ఎస్, స్పేస్, ఇంక డ్రైవ్ అక్షరం, కోలన్, వెనక్కి వాలిన స్లాష్, స్టార్ డాట్ స్టార్, స్పేస్, ముందుకు వాలిన స్లాష్ ఎస్, స్పేస్, మళ్లీ అదే స్లాష్ డీ. బోర్డు మీద రాసిన, ఫోటో తీస్కోండి. ఫైళ్లు బయటికొస్తయి, ఆ షార్ట్‌కట్‌లు డిలీట్ చేసేయండి.

వెనకాల ఎవరో చెయ్యెత్తిన్రు, చెప్పమ్మా. ఫుట్‌పాత్ మీద 2 టీబీ, మూడు వందలకి? (నవ్వులు) అది 2 టీబీ అని చెప్పుకునే చిన్నది. కంట్రోలర్‌కి అబద్ధం నేర్పిన్రు, కంప్యూటర్ అడిగితే 2 టీబీ అంటది, లోపల ఎంత ఉందో అంత నిండినంక కొత్తది పాతదాని మీదనే రాస్తది, లేదంటే గాల్లకి రాస్తది. కాపీ అయినట్టే చూపెడ్తది, పేర్లు కూడ కనపడతయి, తెరిస్తే ఖాళీ. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని ఒక ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, మొత్తం నింపి మళ్లీ చదివి సరిచూస్తది, పెద్దదైతే రాత్రంతా పడ్తది, కొత్త పెన్ డ్రైవ్ ఏది కొన్నా ఒకసారి నడపండి. 2000 సంవత్సరంల మొదటి పెన్ డ్రైవ్‌లు అమ్మకానికి వచ్చినప్పుడు ఐబీఎం పేరు మీద వచ్చింది 8 ఎంబీ, మన చేతుల 1.44 ఎంబీ ఫ్లాపీలు ఉండె. 8 అంటే 8 ఉండె, అబద్ధం చెప్పేంత జాగా కూడ లేకుండె అండ్ల.

బియ్యంల పెట్టాల్నా అని ఈ తమ్ముడు అడుగుతున్నడు. ప్యాంటు జేబుల ఉండి వాషింగ్ మెషీన్‌ల పడ్డదా? బియ్యంల వద్దు, దుమ్ము, పిండి పోర్టుల పోతది. మూత తీసి ఫ్యాన్ గాలికి రెండు రోజులు పెట్టు, ఆరకముందే పెట్టి చూడకు, నీళ్లకంటే తడి మీద ఇచ్చే కరెంటే చంపుతది. ఎన్ని సార్లు పెట్టి చూసినవ్? రెండు సార్లా... సరే, ఇటియ్యి చూస్త.

మిగతావాళ్లు తెచ్చినవి ఈ ట్రేల వెయ్యండి, కవర్ మీద పేరు, డేటా కావాల్నా వద్దా, రెండే రాయండి. ఈ నీలం రంగుది ఎవరిది? మూతకి దారం కట్టింది? లోపల ఏమున్నయమ్మా, పాస్‌బుక్ స్కాన్‌లా? కూర్చోండి, ముందు మీదే చూద్దాం.